కాటిసీను కథ

హరిశ్చంద్రుడి కథ తెలుగువారికి పాతదే. 15వ శతాబ్దిలోనే గౌరన దాన్ని ద్విపదలో రాశాడు. అయితే అందులోని శ్మశాన ఘట్టం ఊరూరా ‘కాటిసీను’గా పేరు తెచ్చుకున్నది పద్యనాటకాల కాలంలోనే.

విషాదాంతం సంస్కృత నాటక సంప్రదాయానికి సమ్మతం కాదు. 19వ శతాబ్ది చివర బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘విషాద సారంగధర’తో ఆ కట్టుబాటు దాటారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం 1912 నాటి ‘సత్య హరిశ్చంద్రీయం’లో కథను మంగళాంతంగానే ఉంచారు. ముగింపు శుభమని ముందే తెలిసిన ప్రేక్షకులు మధ్యలోని దుఃఖాన్ని వెరపు లేకుండా అనుభవించగలిగారు.

పాముకాటుకు చనిపోయిన కొడుకు లోహితాస్యుణ్ణి హరిశ్చంద్రుడి భార్య చంద్రమతి ఒంటరిగా కాటికి మోసుకొస్తుంది. కాటి యజమాని వీరబాహుడి కొలువులో కాటికాపరిగా ఉన్న భర్త ఆమెను పోల్చుకోలేక కాటిసుంకం అడుగుతాడు. భర్తకు తప్ప పరులకు కనిపించని మంగళసూత్రమే చివరికి ఆమె ఎవరో చెబుతుంది. పసిపిల్లల చావులు మామూలైన రోజులవి. చాలా కులాల్లో ఆడవాళ్లు శ్మశానం దాకా వెళ్లేవారు కాదు, కన్నబిడ్డ చితినైనా చూసేవారు కాదు. ఇంట్లో దిగమింగిన ఆ శోకానికి నాటకం పందిరిలో చోటు దొరికింది.

అప్పు తెచ్చే అవమానం మరో తీరుగా వేదికెక్కింది. విశ్వామిత్రుడికి ఇస్తానన్న ధనం కోసం ఆయన శిష్యుడు నక్షత్రకుడు రాజు వెంటపడి వేధిస్తుంటే జనం నవ్వుతారు. బాకీల బాధ ఎరిగిన రైతుకూ కూలీకీ ఆ నవ్వు వెనక ఉన్నదేమిటో తెలుసు.

కాలక్రమంలో నటులు కాటిసీనులో గుర్రం జాషువా శ్మశాన పద్యాలు కలిపి పాడసాగారు. అవి బలిజేపల్లి రచనలోనివి కావు. అంటరానితనాన్ని స్వయంగా అనుభవించిన కవి, ఆ వివక్షకు శ్మశానంలో తావు లేదన్నారు. ఊళ్లో పాటించే అంటును ఊరిజనం మధ్యనే ఒక పురాణ పురుషుడి నోట ప్రశ్నించడం వీలైంది. బయట ఎవరైనా అంటే తగవయ్యే మాటకు పందిట్లో ‘వన్స్ మోర్’లు పడ్డాయి.

డి.వి. సుబ్బారావు వంటి నటుల గొంతు రికార్డుల ద్వారా నాటకం ఆడని ఊళ్లకూ చేరింది. పరిషత్తుల్లోనూ జాతరల్లోనూ పూర్తి నాటకానికి వ్యవధి లేనప్పుడు కాటిసీను ఒక్కటే ఆడించడం ఆనవాయితీ అయింది. అలా విడిగా ఆడినా బిడ్డ చావు, పేదరికం, కులం అన్నీ ఆ ఒక్క రంగంలోనే ప్రేక్షకుల ముందుకొస్తాయి.