రక్తమార్పిడి లేని శస్త్రచికిత్స: రోగుల అనుభవ చరిత్ర (1945–2010)

సారాంశం

మతవిశ్వాసం కారణంగా రక్తమార్పిడిని నిరాకరిస్తూనే పెద్ద శస్త్రచికిత్సలకు సిద్ధపడిన యెహోవాసాక్షుల అనుభవం ఇరవయ్యో శతాబ్దపు వైద్యచరిత్రలో ప్రత్యేకంగా పరిశీలించదగినది. శస్త్రవైద్యుల నివేదికలు, న్యాయస్థానాల తీర్పులు, రోగులు వెంట ఉంచుకున్న నిరాకరణ పత్రాలు అనే మూడు రకాల ఆధారాలలో ఆ అనుభవం ఏ మేరకు నమోదైందో ఈ వ్యాసం చర్చిస్తుంది. ఈ రోగుల నిరాకరణ వైద్యుల అలవాట్లను పునఃపరిశీలనకు గురిచేసిందని, అయితే దీనిని బతికినవారి విజయగాథగా మాత్రమే చదివితే మరణించినవారు, స్వయంగా నిర్ణయించుకోలేని పిల్లలు చరిత్ర నుండి తొలగిపోతారని ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలక పదాలు: రక్తమార్పిడి, శస్త్రచికిత్స, యెహోవాసాక్షులు, రోగి సమ్మతి, వైద్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం

ఆపరేషన్‌కు ముందు రక్తం సిద్ధం చేసుకోమని వైద్యులు చెప్పడం, బంధుమిత్రులు రక్తదాతల కోసం పరుగులు తీయడం తెలుగు కుటుంబాలకు తెలిసిన అనుభవమే. రక్తం దొరకక ప్రాణం పోతుందేమోనన్న భయమే మనకు పరిచితం. రక్తం అందుబాటులో ఉన్నా వద్దని, శస్త్రచికిత్స మాత్రం చేయమని కోరే రోగి మనకు వింతగా తోస్తాడు. ఆ కోరికను మూఢత్వమని తోసిపుచ్చడం గానీ, ధీరత్వమని కీర్తించడం గానీ చరిత్రకారుని పని కాదు. ఆ రోగులు ఎవరు, ఆసుపత్రిలో వారికి ఏమి ఎదురైంది, వారి మాటను ఎవరు నమోదు చేశారు అన్నవి ఇక్కడ పరిశీలించవలసిన ప్రశ్నలు.

2. నిరాకరణకు నేపథ్యం

కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో రక్తవర్గాలను వివరించాడు. రక్తం గడ్డకట్టకుండా సోడియం సిట్రేట్ వాడే పద్ధతి 1914–15 నాటికి రూపుదిద్దుకుంది. 1937లో షికాగోలోని కుక్ కౌంటీ ఆసుపత్రిలో బెర్నార్డ్ ఫాంటస్ రక్తనిధిని నెలకొల్పాడు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి రక్తమార్పిడి అరుదైన సాహసం కాక నిత్యచికిత్సగా మారింది. 1942లో ఆడమ్స్, లండీ అనే మత్తువైద్యులు శస్త్రచికిత్సకు ముందు హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 10 గ్రాములైనా ఉండాలని సూచించారు. దృఢమైన పరీక్షల ఆధారం లేకున్నా ఆ సంఖ్య దశాబ్దాలపాటు నియమంగా చెలామణి అయింది.

సరిగ్గా ఈ కాలంలోనే యెహోవాసాక్షుల నిషేధం రూపుదాల్చింది. తెలుగులో ‘కావలికోట’ పేరుతో వెలువడే వారి పత్రిక ఆంగ్ల ప్రతి, 1945 జూలై 1 సంచికలో, రక్తం ఎక్కించుకోవడం దైవాజ్ఞకు విరుద్ధమని ప్రకటించింది. ఆదికాండము 9, లేవీయకాండము 17, అపొస్తలుల కార్యములు 15 అధ్యాయాలలో రక్తాన్ని గురించి ఉన్న ఆజ్ఞలను వారు రక్తమార్పిడికీ వర్తింపజేశారు. 1961 నుండి పశ్చాత్తాపం లేకుండా రక్తం స్వీకరించినవారిని సంఘం నుండి బహిష్కరించే నియమం ఏర్పడింది.

వీరు వైద్యాన్ని నిరాకరించేవారు కారన్నది ఇక్కడ ముఖ్యం. ఆసుపత్రికి వస్తారు, మందులు వాడతారు, శస్త్రచికిత్స కోరతారు. మొత్తం రక్తాన్ని, ఎర్రకణాలను, తెల్లకణాలను, ప్లేట్‌లెట్లను, ప్లాస్మాను స్వీకరించరు. ముందుగా తీసి నిలవ ఉంచిన సొంత రక్తాన్ని సైతం ఈ కాలంలో వద్దనేవారు. ఆల్బుమిన్ వంటి ఉపభాగాలు, గుండె–ఊపిరితిత్తుల యంత్రం, శస్త్రచికిత్సలో కారిన రక్తాన్ని శుద్ధిచేసి వెంటనే తిరిగి ఎక్కించే యంత్రం వంటివి కాలక్రమంలో వ్యక్తి మనస్సాక్షికి విడిచిపెట్టిన అంశాలయ్యాయి. అందువల్ల రోగి చెప్పవలసింది కేవలం ‘వద్దు’ అన్న ఒక్క మాట కాదు. ఏది సమ్మతం, ఏది కాదు అన్నది ఒక్కొక్కటిగా తేల్చుకోవాలి. శస్త్రచికిత్సకు ముందే మొదలయ్యే ఈ నిర్ణయభారం వారి అనుభవంలో మొదటి దశ.

3. హ్యూస్టన్ నివేదికలు

జాన్ గిబ్బన్ 1953 మే 6న గుండె–ఊపిరితిత్తుల యంత్రం సాయంతో గుండెకు శస్త్రచికిత్స విజయవంతంగా చేశాడు. ఆ తొలి యంత్రాలను వాడకానికి ముందు దాతల రక్తంతో నింపవలసి ఉండేది. యెహోవాసాక్షి అయిన హృద్రోగికి ఆ ఒక్క కారణం చాలు, శస్త్రచికిత్స అందని ద్రాక్ష అయ్యేది.

అమెరికాలోని హ్యూస్టన్‌లో డెంటన్ కూలీ బృందం యంత్రాన్ని రక్తానికి బదులు 5 శాతం డెక్స్‌ట్రోజ్ ద్రావణంతో నింపే పద్ధతిని 1962లో ప్రచురించింది. యెహోవాసాక్షులకు చేసిన గుండె శస్త్రచికిత్సల గురించి 1964లో ఒక వ్యాసం వెలువరించింది. 1977లో డేవిడ్ ఆట్, కూలీ కలిసి అమెరికన్ వైద్యసంఘ పత్రికలో ప్రకటించిన నివేదిక ఈ చరిత్రకు మూలస్తంభం వంటిది. ఇరవై ఏళ్లలో 542 మంది యెహోవాసాక్షులకు రక్తమార్పిడి లేకుండా చేసిన గుండె, రక్తనాళాల శస్త్రచికిత్సల వివరాలు అందులో ఉన్నాయి. 30 రోజులలోపు మరణాలు 9.4 శాతం. 12 మరణాలలో రక్తహీనత ఒక కారణంగా ఉండగా, ముగ్గురి మరణానికి రక్తనష్టమే ప్రత్యక్ష కారణమని రచయితలు నమోదు చేశారు.

ఈ నివేదికను శస్త్రవైద్యులు సాధ్యాసాధ్యాల దృష్టితో చదివారు. రోగుల చరిత్ర కోసం చదివితే మరో విషయం కనబడుతుంది. రోగుల వయసు ఒక రోజు మొదలు 89 ఏళ్ల వరకు ఉంది. 89 ఏళ్ల వృద్ధుని నిరాకరణ ఆయన సొంతం కావచ్చు. ఒక రోజు వయసు శిశువుకు మతవిశ్వాసం ఉండదు. అక్కడ నిరాకరణ తల్లిదండ్రులది, దేహం బిడ్డది. నివేదిక పట్టికలో ఈ ఇద్దరూ ఒకే గణనలోకి వస్తారు. ఆ ముగ్గురు మరణించే ముందు వారి పడక పక్కన ఎటువంటి సంభాషణ జరిగిందో తెలిపే చోటు అటువంటి నివేదికలో ఉండదు.

శస్త్రచికిత్సకు ముందు ఇనుము, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ బి12 ఇచ్చి రక్తహీనతను సరిదిద్దడం, పరీక్షల కోసం తీసే రక్తాన్ని తగ్గించడం, చిన్న రక్తస్రావాన్నీ వెంటనే అదుపు చేయడం ఈ శస్త్రచికిత్సల్లో ప్రధాన జాగ్రత్తలయ్యాయి. వైద్యునికి ఇవి మెలకువలు. రోగికి ఇవే వారాల నిరీక్షణ. శస్త్రచికిత్స తరువాత, ఇతర రోగులకు ఒకటి రెండు సీసాల రక్తంతో తీరే నీరసం వీరికి శరీరం తనంతట తాను కొత్త కణాలను తయారుచేసుకునే వరకు కొనసాగేది.

4. న్యాయస్థాన పత్రాలలో రోగి గొంతు

రోగి మాట కొంతైనా వినబడేది తీర్పులలో. 1963 సెప్టెంబరులో వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ ఆసుపత్రిలో జరిగిన ఘటన శస్త్రచికిత్సకు సంబంధించినది కాకున్నా, తరువాతి చర్చలన్నింటికీ ఆధారమైంది. పుండు పగిలి అధికంగా రక్తం కోల్పోయిన 25 ఏళ్ల స్త్రీకి రక్తమార్పిడి చేయడానికి ఆసుపత్రి న్యాయస్థానం అనుమతి కోరింది. ఆమెకు ఏడు నెలల బిడ్డ ఉంది. న్యాయమూర్తి స్కెల్లీ రైట్ స్వయంగా ఆసుపత్రికి వెళ్లి ఆమెతో మాట్లాడే ప్రయత్నం చేశాడు. అది తన ఇష్టానికి విరుద్ధమన్న ఒక్క మాటే తనకు స్పష్టంగా వినిపించిందని ఆయన రాశాడు. న్యాయస్థానమే ఆదేశిస్తే ఆ బాధ్యత తనది కాదని ఆమె సూచించినట్లు తాను గ్రహించానని కూడా నమోదు చేశాడు. అనుమతి ఇచ్చాడు, ఆమె బతికింది.

ఈ ఆధారాన్ని జాగ్రత్తగా చదవాలి. బాధ్యతను మరొకరు తీసుకుంటే ఆమెకు లోలోపల సమ్మతమేనా? లేక అలసిన స్త్రీ మౌనానికి న్యాయమూర్తి చెప్పుకున్న అర్థమా? ఆమె మాట మనకు చేరిందే, ఆ మాటకు విరుద్ధంగా ఆదేశమిచ్చిన వ్యక్తి రాతలో. వైద్యులు, న్యాయమూర్తులు, మతసంఘ ప్రచురణకర్తలు రాసిపెట్టిన రూపంలోనే ఈ రోగుల అనుభవం ఎక్కువగా లభిస్తుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు.

కెనడాలోని అంటారియో ఘటనలో రోగికి నోరు లేదు, పత్రమే మాట్లాడింది. 1979లో కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడి, భర్తను కోల్పోయి, స్పృహలేని స్థితిలో ఆసుపత్రికి చేరిన 57 ఏళ్ల స్త్రీ చేతిసంచిలో, ఎట్టి పరిస్థితుల్లోనూ రక్తం ఎక్కించవద్దని తెలిపే పత్రం దొరికింది. దానిపై సంతకం ఉంది, తేదీ లేదు. వైద్యుడు ఆమె ప్రాణం కాపాడాలని రక్తం ఎక్కించాడు. ఆమె కుమార్తె వచ్చి అభ్యంతరం చెప్పినా ఆపలేదు. కోలుకున్న తరువాత ఆమె దావా వేసింది. చికిత్సలో నిర్లక్ష్యం లేదని, అది ఆమె ప్రాణాన్ని కాపాడి ఉండవచ్చని అంగీకరిస్తూనే, ఆమె దేహంపై అనుమతి లేని చర్య జరిగిందని న్యాయస్థానం 20,000 డాలర్ల పరిహారం విధించింది. 1990లో అప్పీలు న్యాయస్థానం ఆ తీర్పును సమర్థించింది. ప్రాణం దక్కినా గాయం మిగలవచ్చునని చట్టం గుర్తించిన సందర్భమిది.

పిల్లల విషయంలో న్యాయస్థానాలు వేరు దారి పట్టాయి. తమ విశ్వాసం కోసం తాము త్యాగం చేసే స్వేచ్ఛ తల్లిదండ్రులకున్నా, బిడ్డలను త్యాగం చేసే హక్కు లేదన్న సూత్రానికి అమెరికా సుప్రీంకోర్టు 1944 నాటి తీర్పు ఆధారం. అదీ యెహోవాసాక్షుల కుటుంబానికి చెందిన వ్యాజ్యమే, కానీ వైద్యానికి కాక బాలల శ్రమకు సంబంధించినది.

వయోజనుల నిరాకరణ అయినా ఎంతవరకు స్వేచ్ఛాయుతం అన్న ప్రశ్నను ఒసాము మురమొతో 1998లో వైద్యనీతి పత్రికలో లేవనెత్తాడు. రక్తం స్వీకరిస్తే సంఘాన్ని, దానితో పాటు బంధుత్వాలను కోల్పోయే రోగి, ఆ సంఘసభ్యుల ఎదుట చెప్పిన మాటనే తుదిమాటగా స్వీకరించవచ్చునా అన్నది అతని సందేహం. ఆ సందేహంతో ప్రతి రోగి విశ్వాసాన్నీ శంకించడం అన్యాయం. అలాగని సందేహమే లేదనుకోవడమూ తగదు.

5. మరణాలు నేర్పిన పాఠం

జెఫ్రీ కార్సన్ బృందం 1988లో లాన్సెట్ పత్రికలో, రక్తమార్పిడిని నిరాకరించిన 125 మంది శస్త్రచికిత్స రోగుల వివరాలు ప్రచురించింది. శస్త్రచికిత్సకు ముందు హిమోగ్లోబిన్ 10 గ్రాములకు మించి ఉన్నవారిలో మరణాలు 7.1 శాతం కాగా, 6 గ్రాముల లోపు ఉన్నవారిలో 61.5 శాతం. 8 గ్రాములకు పైగా ఉండి, 500 మిల్లీలీటర్ల లోపు రక్తం కోల్పోయినవారిలో ఒక్కరూ మరణించలేదు. 2002లో అదే పరిశోధకుడు, శస్త్రచికిత్స తరువాత హిమోగ్లోబిన్ 8 గ్రాములు, అంతకంటే తక్కువకు పడిపోయిన 300 మందిని పరిశీలించాడు. 7.1–8 గ్రాముల మధ్య ఉన్నవారిలో మరణాలు లేవు. 4.1–5 గ్రాముల మధ్య ఉన్నవారిలో 34.4 శాతం మరణించారు.

ఈ అంకెలు రెండు విధాలా మాట్లాడతాయి. 10 గ్రాముల నియమం చాలామందికి అనవసరమని ఒకవైపు చెబుతాయి. రక్తం లేకుండా అన్నీ సాధ్యమన్న ధీమాను మరొకవైపు ఖండిస్తాయి. హిమోగ్లోబిన్ ఎంతకు పడిపోతే ప్రాణాపాయమో తెలుసుకోవడానికి మనుషులకు రక్తం నిలిపివేసి ప్రయోగం చేయడం ఏ వైద్యనీతికీ సమ్మతం కాదు. ఆ జ్ఞానం తమంతట తాము నిరాకరించినవారి దేహాల నుండి లభించింది. రక్తం ఎక్కించుకునే రోగులు నేడు పొందుతున్న ప్రయోజనంలో, ఎక్కించుకోక మరణించినవారి వాటా ఉంది.

6. నిరాకరణ నుండి వైద్యవిధానానికి

1980లలో ఎయిడ్స్ రక్తం ద్వారా సోకుతుందని తేలడంతో, యెహోవాసాక్షులు కాని రోగులు సైతం రక్తమంటే భయపడ్డారు. 1989లో ఎర్రకణాల ఉత్పత్తిని పెంచే ఎరిత్రోపొయిటిన్ ఔషధానికి అమెరికాలో అనుమతి లభించింది. 1999లో కెనడా పరిశోధకులు తీవ్ర అస్వస్థతలో ఉన్న 838 మందిపై జరిపిన పరీక్షలో, హిమోగ్లోబిన్ 7 గ్రాములకు తగ్గే వరకు వేచి చూసినా 30 రోజుల మరణాలు పెరగలేదు. 2010లో ప్రపంచ ఆరోగ్య సభ రోగి సొంత రక్తాన్ని కాపాడే విధానాన్ని ప్రోత్సహిస్తూ తీర్మానించింది. ఈ మార్పుకు అంటువ్యాధుల భయం, రక్తం కొరత, ఖర్చు కూడా కారణాలే. అయినా అది సాధ్యమని ముందుగా చూపింది నిరాకరించిన రోగులే.

7. భారతీయ సందర్భం

మన దేశంలో యెహోవాసాక్షుల పేరు చట్టం చదివినవారికి 1986 నాటి జాతీయగీతం తీర్పు ద్వారా పరిచితం. కేరళకు చెందిన ముగ్గురు విద్యార్థుల మనస్సాక్షి స్వేచ్ఛను సమర్థిస్తూ ఆ తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. 2008లో సుప్రీంకోర్టు, అత్యవసర పరిస్థితిలో తప్ప, వయోజన రోగి నిజమైన సమ్మతి లేనిదే శస్త్రచికిత్స చేయరాదని స్పష్టం చేసింది. ఈ రెండు సూత్రాలూ కలిసే చోటే రక్తాన్ని నిరాకరించే రోగి నిలబడి ఉన్నాడు. ఇక రక్తం సురక్షితం కావడం కోసం మన దేశం వేరే పోరాటం చేసింది. 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఫలితంగా, డబ్బు తీసుకుని రక్తమిచ్చే పద్ధతి 1998 జనవరి 1 నుండి నిషిద్ధమైంది. ప్రసవాలలో, ప్రమాదాలలో రక్తం అందక ప్రాణాలు పోయే నేలమీద, రక్తరహిత శస్త్రచికిత్సను రక్తదానానికి ప్రత్యామ్నాయంగా చూపడం ప్రమాదకరం. రక్తహీనతను ముందే గుర్తించి చికిత్స చేయాలన్న దాని పాఠం మాత్రం మనకు అత్యవసరం.

8. ముగింపు

వైద్యనివేదిక ఈ రోగులను సంఖ్యగా, తీర్పు వారిని వ్యాజ్యంగా, మతపత్రిక వారిని సాక్ష్యంగా నిలిపాయి. మూడింటిలోనూ వారి మాట పాక్షికమే. వైద్యులకు కొత్త మెలకువలు నేర్పినది వారి నిరాకరణే అయినా, నిరాకరించే హక్కుకు ఆ ఉపయోగం ఆధారం కాదు. శస్త్రచికిత్స విఫలమైన చోటా ఆ హక్కు హక్కే. తెలుగునాట ఈ అనుభవం పొందినవారు నేడు జీవించి ఉన్నారు. బతికినవారినే కాక, మరణించినవారి కుటుంబాలను, బాల్యంలో తల్లిదండ్రుల నిర్ణయానికి లోనైనవారిని, రక్తం స్వీకరించి సంఘానికి దూరమైనవారిని కూడా కలుపుకుని, వారి గోప్యతను కాపాడుతూ మౌఖిక చరిత్రను సేకరించడం పరిశోధకుల ముందున్న కర్తవ్యం.