నాలుగో కనుమ

1916 మే 19. తెల్లవారుజాము మూడు గంటలు. దక్షిణ అట్లాంటిక్‌లో సౌత్ జార్జియా దీవి మీద నిండు వెన్నెల. ఒడ్డున బోర్లించిన పడవ కింద ముగ్గురు ఉండిపోయారు. ఇద్దరికి నడిచే ఓపిక లేదు, మూడోవాడు వాళ్లకి తోడు. బయట మంచులో ఇంకో ముగ్గురు. వాళ్ల బూట్ల అడుగున, పడవలోంచి పీకి దిగ్గొట్టిన మరమేకులు మొనలు తేలి ఉన్నాయి. జారకుండా ఆపడానికి అవే దిక్కు. యాభై అడుగుల తాడు. వడ్రంగి బాడిస ఒకటి. ప్రైమస్ స్టవ్, 48 అగ్గిపుల్లలు, మేజోళ్లలో కూరిన మూడు రోజుల తిండి. టెంటు లేదు. పక్కబట్టలు బరువని వదిలేశారు. దీవికి అవతలి ఒడ్డున, స్ట్రోమ్‌నెస్‌లో, నార్వేవాళ్ల తిమింగలాల వేట కేంద్రం ఉంది. మరి మధ్యలో? మ్యాపులో తీరం గీత ఒక్కటే ఉంది. లోపలంతా తెల్ల కాగితం.

యాత్ర నాయకుడు ఎర్నెస్ట్ షాకల్టన్ ముందు నడిచాడు. మధ్యలో టామ్ క్రీన్. చివర ఫ్రాంక్ వర్స్‌లీ, దిక్సూచి చూస్తూ కుడికి, ఎడమకి అని కేకలేస్తున్నాడు. అడుగేస్తే చీలమండ దాటి దిగబడే మంచు. అంతలో పొగమంచు కమ్మింది. ఒకే తాడుకి ముగ్గురూ కట్టుకున్నారు. కింద గడ్డకట్టిన చెరువొకటి లీలగా కనిపిస్తే, హమ్మయ్య, చదునుగా ఉంది, గట్టు పట్టుకుని పోవచ్చనుకుని గబగబా దిగారు. తెర విడిపోయింది. చెరువుకి అవతలి గట్టు లేదు.

అది సముద్రం. పొసెషన్ బే. ఒడ్డమ్మట పోదామంటే కొండచరియలు, హిమానీనదాలు నిటారుగా నీళ్లలోకి దిగుతున్నాయి. దిగిందంతా మళ్లీ ఎక్కారు. ఎదురుగా దారికి అడ్డంగా కొండల వరస, దాని శిఖరాల నడుమ కనుమలు. ఏ కనుమ అవతల దారుందో ఎక్కి చూస్తే తప్ప తెలీదు.

మొదటిది ఎక్కారు, బాడిసతో మంచులో మెట్లు చెక్కుకుంటూ. తొంగి చూస్తే నిట్టనిలువు లోయ, అడుగున చిందరవందరగా విరిగిపడిన మంచు. వెనక్కి. రెండోదీ అదే వరస. వెనక్కి. మూడోదీ అంతే. ప్రతిసారీ దిగడం, కొండ చుట్టూ తిరగడం, మళ్లీ ఎక్కడం. భూమికి ఆ వైపు మే అంటే చలికాలం గుమ్మంలో ఉన్నట్టే. పొద్దు వాలిపోతోంది.

తిరిగి పడవ దగ్గరికి పోవచ్చుగా? పోతే కథ అక్కడితో సరి. వాళ్ల ఓడ ఎండ్యూరెన్స్‌ని అంటార్కిటికా దగ్గర మంచు నలిపేసి, 1915 నవంబర్‌లో మింగేసింది. ఉన్నది 28 మంది. మంచు పలకల మీద నెలలు గడిపి, పడవల్లో ఎలిఫెంట్ దీవి చేరారు. అటుగా ఏ ఓడా రాదు. అందుకే ఆరుగురు ఒక చిన్న పడవలో దాదాపు 800 మైళ్ల సముద్రం దాటి ఇక్కడ పడ్డారు. మిగతా 22 మంది అక్కడే, సీల్ మాంసం, పెంగ్విన్ మాంసం తింటూ ఉన్నారు. ఈ ముగ్గురూ కొండల్లో ఆగిపోతే, వాళ్లున్న చోటు లోకానికి చెప్పేవాడు లేడు.

నాలుగో కనుమ. సుమారు 4,500 అడుగుల ఎత్తు. వెనకనించి పొగమంచు పైకి పాకుతోంది. ముందు చీకటి. రాత్రి ఇక్కడే ఉంటే గడ్డకట్టి పోవడం ఖాయం. బాడిసతో మెట్లు కొట్టడం మొదలెట్టారు. కాసేపటికి షాకల్టన్ ఆగిపోయాడు. ఈ లెక్కన తెల్లారినా దిగలేం. జారిపోదాం అన్నాడు. కింద బండ ఉంటే? ఆ ప్రశ్నకి ముగ్గురి దగ్గరా జవాబు లేదు.

తాడు చుట్టలు చుట్టి, వాటి మీద కూర్చున్నారు. షాకల్టన్ ముందు, వర్స్‌లీ అతని నడుము చుట్టూ కాళ్లు, మెడ చుట్టూ చేతులు బిగించాడు, అతన్ని పట్టుకుని క్రీన్, చిన్నపిల్లలు రైలాట ఆడినట్టు ఒకరి వెనక ఒకరు అతుక్కుని కాలితో ఒక్క తోపు తోసేసరికి, కొండ కిందనుంచి జారిపోయి, గాలి చెవుల్లో హోరెత్తి, మంచుపొడి మొహాన కొట్టి, ప్రాణాలు గొంతులోకొచ్చి, ఆ భయంలోనే ఎందుకో ఒళ్లు తెలీని ఉత్సాహం పుట్టి ముగ్గురూ కేకలు పెడుతుంటే, చీకట్లోకి, ఇంకా ఇంకా కిందికి... వేగం తగ్గింది. మెత్తటి మంచులో కూరుకుని ఆగారు. లేచారు. ప్యాంట్లు చిరిగాయి. ఒకరికొకరు షేక్‌హ్యాండ్ ఇచ్చుకున్నారు. పైకి చూస్తే, ఇందాక కూర్చున్న చోటు పొగమంచులో మునిగిపోతోంది.

చంద్రుడొచ్చాడు. రాత్రంతా నడక. ఒకచోట గమ్యం వచ్చేసిందని సంబరంగా దిగారు. కాళ్ల కింద మంచు పగుళ్లు. స్ట్రోమ్‌నెస్ దగ్గర హిమానీనదమే లేదు! మళ్లీ వెనక్కి, మళ్లీ పైకి. తెల్లవారుజాము అయిదింటికి ఒక బండ చాటున కూలబడ్డారు. వర్స్‌లీ, క్రీన్ చటుక్కున నిద్రలోకి జారారు. షాకల్టన్ కళ్లూ మూతపడుతున్నాయి. ముగ్గురూ పడుకుంటే లేచేది లేదు. అయిదే అయిదు నిమిషాలు ఆగి ఇద్దర్నీ కుదిపి లేపాడు. అరగంట పడుకున్నారని చెప్పాడు. వాళ్లు నమ్మారు. మోకాళ్లు వంగిపోయి, నిటారుగా నిలబడలేక, అలాగే కదిలారు.

ఆరున్నరకి షాకల్టన్ చెవిన ఏదో కూత పడింది. భ్రమా? వేట కేంద్రంలో ఏడింటికి పనివాళ్లని పిలిచే సైరన్ మోగుతుంది. ముగ్గురూ గడియారం ముల్లు మీద కళ్లు పెట్టుకుని కూర్చున్నారు. ఏడు. మోగింది. వాళ్ల ఓడ బయల్దేరిన 1914 డిసెంబర్ తర్వాత బయటి మనుషుల చప్పుడు వినడం అదే మొదలు.

మధ్యాహ్నం ఒకటిన్నరకి ఆఖరి గట్టు మీంచి కింద ఓడ కనిపించింది. దిగడానికి దొరికిన దారి ఒక్క వాగే. నడుం లోతు చన్నీళ్లు. వాగు చివర జలపాతం. తాడుని బండకి కట్టారు. బరువైనవాడని క్రీన్‌ని ముందు దించారు. నీళ్లలో మాయమై, అడుగున ఎగశ్వాసతో తేలాడు. తర్వాత షాకల్టన్, చివరికి వర్స్‌లీ. తాడు అక్కడే వేలాడింది.

ఆడవాళ్లుంటే ఎలాగని వర్స్‌లీ తుప్పు పట్టిన పిన్నీసులతో ప్యాంటు కుట్టుకున్నాడు. ఆడవాళ్లెవరూ ఎదురుపడలేదు. ఎదురుపడ్డ ఇద్దరు పిల్లలు మాత్రం ఈ నల్లటి గడ్డాలని చూసి పరిగెత్తిపోయారు. మేనేజర్ సోర్లె పాత స్నేహితుడే. గుర్తుపట్టలేదు. పేరు చెబితే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. ప్రపంచ యుద్ధం ఎప్పుడైపోయిందని షాకల్టన్ అడిగాడు. అవలేదు. లక్షలమంది చచ్చిపోతున్నారు.

కాఫీ తాగి, స్నానం చేసి, గడ్డం గీయించుకున్న వర్స్‌లీ ఆ రాత్రే ఓడెక్కాడు, అవతలి ముగ్గురి కోసం. ఓడ కదిలాక తుఫాను విరుచుకుపడింది. ఇంకొక్క పూట ఆలస్యమైతే కొండ మీద దొరికిపోయేవాళ్లే. పొద్దున పడవ దగ్గర దిగేసరికి ముగ్గురూ సంతోషించారు గానీ, మనవాళ్లలో ఒక్కడూ రాలేదేమని నొచ్చుకున్నారు. ఎదురుగా నిలబడ్డ వర్స్‌లీని, నున్నటి గడ్డంతో, వాళ్లు పోల్చుకోలేదు.