పానా పట్టిన చేతులకు చరిత్ర లేదా?

మా గురించి రాసేటప్పుడు చరిత్రకారులు రెండే చోట్ల ఆగుతారు. ఒకటి కోట, రెండోది దర్గా. చార్మినార్ కట్టినవాళ్లం, ఉర్సులు చేసేవాళ్లం. ఈ రెంటికీ నడుమ నాలుగు వందల ఏళ్లు మేం ఏం పని చేసి బతికామో ఎవరూ అడగరు. నవాబుల వారసులమనే మాట మాత్రం అందరి నోటా వస్తుంది. మా మొహల్లాల్లో నవాబులు ఎంతమంది ఉన్నారో లెక్క తీస్తే వేళ్లు మడవాల్సిన పని కూడా ఉండదు. కళాయి పోసేవాళ్లు, దూదేకేవాళ్లు, తిరగళ్లకు కక్కు కొట్టేవాళ్లు, లారీల కింద పడుకుని నట్లు విప్పేవాళ్లు మాత్రం వీధికి పదిమంది దొరుకుతారు.

ఈ పనుల్లో చాలావాటికి ఒక పోలిక ఉంది. పాడైనదాన్ని మళ్లీ వాడుకలోకి తేవడం వీటి పని. కళాయి పోయిన గిన్నెకు తగరం పూత, అరిగిన తిరగలికి గాట్లు, గడ్డకట్టిన పరుపులో దూదికి మళ్లీ పొంగు. తెలుగులో ఈ పనికి వాడే మాటే చూడండి. మరమ్మత్తు. అరబ్బీలో పుట్టి, ఫార్సీ ఉర్దూల మీదుగా వచ్చి, మన పంచాయతీ రికార్డుల్లో కూర్చుంది. చెరువుకైనా, బడి కప్పుకైనా మరమ్మత్తే. కళాయి కూడా ఆ దారినే వచ్చింది. మాట ఇంట్లోకి వచ్చింది, పనిచేసిన మనిషి మాత్రం గుమ్మం బయటే నిలబడ్డాడు.

మోటారు వచ్చాక ఈ పనుల వాళ్లలో చాలామంది అటు మళ్లారు. 1932 జూన్‌లో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. తర్వాతి కాలపు ఆర్టీసీకి మూలం అదే. బస్సులు స్కాట్లండువి, పేరు ఆల్బియన్. వాటికి పార్టులు ఓడ మీద రావాలి. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలు తగ్గాయి, పెట్రోలు రేషన్ అయింది. దేశమంతటా బస్సులకు వెనక డ్రమ్ములు బిగించి బొగ్గు మండించి, ఆ గ్యాసుతో నడిపారు. బండి కదలాలంటే ముందు క్లీనరు ఫ్యాను తిప్పి నిప్పు రాజేయాలి. ఆ కాలపు బొగ్గు బస్సుల కథలు మన పెద్దవాళ్లు చాలామంది చెప్పగా విన్నాం. ఉన్నదాంతో సరిపెట్టుకునే ఇంజనీరింగు మన రోడ్లకు అప్పుడే అలవాటైంది.

ఆ తర్వాత 1948 సెప్టెంబరు వచ్చింది. పోలీసు చర్య పేరుతో జరిగిందాన్ని గురించి పండిట్ సుందర్‌లాల్ కమిటీ రాసిన నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. కనీసం 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని ఆ కమిటీ అంచనా. బతికినవాళ్ల సంగతి వేరు. నిజాం సైన్యం రద్దయింది, 1949లో జాగీర్లు పోయాయి. ఆ నౌకరీల మీద ఆధారపడిన కుటుంబాలు ఒక్కసారిగా రోడ్డున పడ్డాయి. దొరికిన పనల్లా పట్టుకున్నారు. రిక్షా తొక్కారు, బండి నడిపారు, షెడ్డులో చేరారు. చదువుతో, సిఫారసుతో సంబంధం లేని పని అది. ఉస్తాద్ ఒప్పుకుంటే చాలు.

కోస్తాలో దారి వేరు, చేరిన చోటు అదే. మిల్లు దూది వచ్చి దూదేకుల వాళ్ల విల్లును మూలన పెట్టింది. లారీల వ్యాపారం పెరిగి, 1966లో విజయవాడలో ఆటోనగర్ వెలిసినప్పుడు అక్కడ పని దొరికిన కులాలు చాలా ఉన్నాయి. బాడీ కట్టింది వడ్రంగులు, ఇనుము వంచింది కమ్మరులు. ఇంజన్ల కింద, వెల్డింగు దగ్గర, టింకరింగులో, రంగుల్లో మావాళ్లు. ఇదంతా మా ఒక్కరిదే అని మేం అనడం లేదు. మాదీ ఉందని అంటున్నాం.

వచ్చిన బండి కూడా ఈ పనికి తగ్గదే. 1954లో టాటాలు జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు చేయడం మొదలుపెట్టారు. 1969లో ఆ ఒప్పందం ముగిసి, ముందున్న బెంజ్ గుర్తు పోయి టాటా గుర్తు వచ్చింది. ఎలక్ట్రానిక్ వస్తువు ఒక్కటీ లేని బండి. విప్పితే అర్థమయ్యేది, బిగిస్తే నడిచేది. పది, పదిహేను, ఇరవై ఏళ్లు అలా నడిచింది. ఎలా నడిచిందో ఏ పుస్తకంలోనూ లేదు కనుక ఒక రోజు పని ఇక్కడ రాస్తున్నాం.

1998 ఎండాకాలం. డిగ్రీ సెలవుల్లో సూర్యాపేట అవతల హైవే పక్కన మా మామూ షెడ్డులో ఉన్నాం. ఆదివారం పొద్దున్నే ధాన్యం బస్తాలతో ఒక టాటా 1210 వంకరగా నడుచుకుంటూ వచ్చి ఆగింది. వెనక కమాన్ కట్టలో సెంటర్ బోల్టు తెగింది, రెండో పట్టా విరిగింది. ఇరుసు ఒక పక్క వెనక్కి జరిగింది. పార్టుల దుకాణాలు మూసి ఉన్నాయి. తెరిచి ఉన్నా కొత్త పట్టాకు డబ్బుల్లేవు. లారీ ఓనరూ డ్రైవరూ ఒకడే.

‘‘బరువు దించాల్నా సాయిబూ?’’ అన్నాడు.

‘‘దించకుంటనే చేస్తం అన్నా. పొద్దుగూకుతది మరి’’ అన్నాడు మామూ.

ఛాసిస్ కింద జాకీ, జాకీ పక్కన ఎవరూ అడగకుండానే కర్ర దిమ్మలు. జాకీని నమ్మి బండి కిందికి పోవద్దన్నది శాగిర్దుకు నేర్పే మొదటి పాఠం. యూ బోల్టుల నట్లు తుప్పుపట్టి బిగుసుకున్నాయి. కిరసనాయిలు పోసి, చాయ్ తాగి వచ్చి, పానాకు మూరెడు పైపు తొడిగి ఇద్దరు వేలాడితే కదిలాయి. షెడ్డు వెనక పాత ఇనుప కుప్పలో ఇంకో బండి పట్టా దొరికింది. వెడల్పు సరిపోయింది, పొడవు ఎక్కువ. చివరలు కోశారు. వంపు తక్కువ. నిప్పులో పెట్టి వంచితే తేలిక కదా అని అడిగాం. ‘‘కాలిస్తే దాని పానీ పోతది బేటా, రెండు గుంతలకే చాపలెక్క పరుచుకుంటది’’ అన్నాడు. దాగలి మీద పెట్టి, చల్లగా ఉన్నప్పుడే, లోపలి వైపు వరసగా సుత్తి దెబ్బలు వేసుకుంటూ పోయాడు. ఒక్కో దెబ్బకు వెంట్రుకవాసి వంపు. రెండు గంటలు పట్టింది. ఇనుము చదువుకునేవాళ్లు దీన్నే పెద్ద మాటల్లో చెబుతారు.

పట్టాలన్నీ ఒక వరసకు తెచ్చి, పాత బోల్టును అరగదీసి సెంటర్ బోల్టుగా బిగించేసరికి మధ్యాహ్నం నమాజు వేళ దాటింది. అప్పుడు కనబడింది వాటర్ పంపు దగ్గర నీళ్ల చెమ్మ. గాస్కెట్ పోయింది. షెడ్డు గోడకు గుచ్చి ఉన్న మందపాటి పెళ్లి కార్డు తీశాడు. పంపు మూతి మీద పెట్టి, సుత్తి గుండ్రటి కొసతో అంచు వెంబడి తట్టుకుంటూ పోతే కార్డు దానంతటదే ఆ ఆకారానికి తెగింది. బోల్టు రంధ్రాలు కూడా అలాగే. గ్రీజు రాసి బిగించాడు. ఆ పని హెడ్ గాస్కెట్‌కు పనికిరాదు, అక్కడి వేడి, ఒత్తిడి వేరు. ఎక్కడ కార్డు సరిపోతుందో, ఎక్కడ సరిపోదో తెలియడమే ఈ విద్య.

మూడోది డీజిల్ టాంకు. అతుకు దగ్గర బొట్లు బొట్లుగా కారుతోంది. వెల్డింగు పెడితే లోపలి ఆవిరికి నిప్పంటుకుంటుంది. బట్టసబ్బు ముక్క తడి లేకుండా తుడిచి పగులులోకి గట్టిగా రుద్దాడు. నీళ్లకు కరిగినట్టు సబ్బు డీజిలుకు కరగదు. ఊరు చేరేదాకా ఆగుతుంది. ఇక పైపులో ఎయిర్ పట్టింది. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ నురగ పోయి చుక్కలేని డీజిల్ వచ్చేదాకా ఆగి, బిగించి, సెల్ఫ్ కొట్టమన్నాడు. మూడోసారికి అందుకుంది. దీపాలు పెట్టే వేళకు బండి కదిలింది. ‘‘నకిరేకల్ల ఆపి యూ బోల్టులు ఇంకోసారి బిగించుకో అన్నా, మరువకు’’ అని చెప్పాడు. సగం పైసలు అప్పుడు, సగం వచ్చే ట్రిప్పులో.

దీన్ని ఏమంటారు? సర్కారు లెక్కల్లో ఇది అసంఘటిత రంగం. సచార్ కమిటీ 2006లో చెప్పింది, ముస్లింలు జీతపు కొలువుల్లో తక్కువ, సొంత పనుల్లో ఎక్కువ అని. ఆ పనుల జాబితాలో బండ్ల మరమ్మత్తు కూడా ఉంది. 2007లో మన రాష్ట్రంలో బీసీ-ఇ జాబితా వచ్చినప్పుడు అచ్చుకట్టేవాళ్లు, అత్తరు సాయిబులు, కక్కుకొట్టే జింక సాయిబులు పేరుపేరునా ఎక్కారు. పింజారి, దూదేకుల అంతకుముందే బీసీ-బిలో ఉన్నారు. అంటే తిరగలి బాగుచేసిన తాత పని ప్రభుత్వానికి తెలుసు. లారీ బాగుచేసిన మనవడి పని ఏ జాబితాలోనూ లేదు.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. ఈమధ్య మమ్మల్ని తిట్టడానికి ‘పంక్చర్లు వేసుకునేవాళ్లు’ అనే మాట వాడుతున్నారు. టైరు బాగుచేయడం తిట్టు ఎలా అయింది? అర్ధరాత్రి హైవే మీద టైరు పేలినప్పుడు ఆ మాట అన్నవాడు ఎవరి షెడ్డు కోసం వెతుకుతాడు? మా సెక్యులర్ మిత్రులకూ ఒక మాట. మా గంగా జమునా తహజీబ్ గురించి సభల్లో బిర్యానీ, గజల్ ఉదాహరణలు చెబుతారు. ఆటోనగర్‌లో హిందూ మేస్త్రీ కూడా తన గురువును ఉస్తాద్ అంటాడు, పానా అందుకోమంటాడు, విల్లును ఫార్సీలో పిలిచినట్టు స్ప్రింగు కట్టను కమాన్ అంటాడు. ఆ మేస్త్రీ అన్న మాటేమో పోర్చుగీసుది. కలిసి బతకడం అక్కడ నూనె చేతుల మీద జరిగింది. అది సాహిత్యంలోకి ఎందుకు రాలేదు?

ఇప్పుడు ఆ షెడ్లు ఖాళీ అవుతున్నాయి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బండ్లే అమ్మాలి. వాటి జబ్బు చెవికి దొరకదు, కంప్యూటరు పెట్టి చూడాలి. ఆ కంప్యూటరు కంపెనీ సర్వీసు సెంటర్లో ఉంటుంది. 2021లో తుక్కు విధానం వచ్చింది, 2022 నుంచి పదిహేనేళ్లు దాటిన బండ్లకు ఫిట్‌నెస్ ఫీజు బాగా పెరిగింది. పొగ తగ్గాలి, మేం కాదనం. ఆ పొగ ముందు పీల్చింది మా పిల్లలే. కానీ పాత బండిని తుక్కు చేసేవాళ్లు దాన్ని నడిపించిన మనిషికి ఏ దారి చూపారు? మోటారు మెకానిక్ కోర్సుకు ఐటీఐలో చేరాలంటే పదో తరగతి కావాలి. పదేళ్లకే షెడ్డులో చేరినవాడికి అది ఎక్కడిది? 2015లో మొదలైన కౌశల్ వికాస్ యోజనలో ముందే నేర్చిన పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ఉంది. అది మన షెడ్ల దాకా రావాలి. రాకపోతే మనమే అడగాలి.

రాసేవాళ్లుగా మన వంతు పని కూడా ఉంది. ముసలి ఉస్తాదులు ఇంకా కొంతమంది ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని పనిముట్ల పేర్లు, పని వరస, ఎవరి దగ్గర నేర్చారో ఆ గురువుల పేర్లు రాసుకోవాలి. ఉర్దూ తెలిసినవాళ్లు తెలుగులో రాయాలి, తెలుగు వాళ్లు ఆ మాటల్ని అచ్చు తప్పుల్లా దిద్దకుండా ఉంచాలి. పాదుషాల వంశావళి ఎలాగూ పుస్తకాల్లో ఉంది. మా వంశావళి ఈ షెడ్లలో ఉంది, అవి మూతపడకముందే రాసుకుందాం.