మొక్క కట్టిన పిండి మూట

హిమాయత్‌నగర్ ఇళ్ళలో గంజి వార్చడం దాదాపు పోయింది. కుక్కరు వచ్చాక సిబ్బి అటకెక్కింది. నూలు చీరకు గంజి పెట్టాలన్నా సగ్గుబియ్యం ఉడికించుకోవడమో, బజారు పొట్లం తెచ్చుకోవడమో చేస్తున్నాం. ఇంతకీ ఆ చిక్కటి నీళ్ళలో వున్నదేమిటంటారా? పిండిపదార్థం. మొక్క దాన్ని మనకోసం చెయ్యలేదు సుమండీ! రేపు మొలకెత్తబోయే తన బిడ్డకోసం గింజలో మూట కట్టి పెట్టింది. ఆ మూట ఎలా కడుతుందో, ఎలా విప్పుతుందో మనుషులకు అంతుపట్టడానికి నూట యాభై ఏళ్ళు పట్టింది. ఇంట్లో ఒకరికి షుగరు వుండి, అన్నం వడ్డించాలా వద్దా అని రోజూ సందేహపడే ఇల్లాలికి ఈ చరిత్రతో పని వుంది.

చిత్రమేమిటంటే, కట్టడం కంటే ముందు విప్పడమే తెలిసింది. 1811లో రష్యాలో కిర్కాఫ్ అనే ఆయన పిండిని నీళ్ళు కలిపిన గంధకామ్లంతో కాచి చూస్తే తియ్యటి పాకం తయారైంది. పిండి అంటే చక్కెర నుంచి వచ్చినదే నన్నమాట! 1833లో ఫ్రాన్సులో పాయెన్, పెర్సో అనే ఇద్దరు మొలకెత్తిన బార్లీ నుంచి ఒక పదార్థం తీశారు. ఆమ్లం అక్కర్లేకుండానే అది పిండిని చక్కెరగా మార్చేసింది. దానికి డయాస్టేజ్ అని పేరు పెట్టారు. మనుషులు విడిగా తీయగలిగిన మొట్టమొదటి ఎంజైము అదే. మన పెద్దవాళ్ళకు ఆ పేరు తెలియదు గానీ పని తెలుసు. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, విసిరిన పిండితో జావ కాస్తే పలచగా, కాస్త తియ్యగా వుంటుంది. మామూలు రాగిపిండి జావ అలా కాదు, గట్టిపడిపోతుంది. మొలక తన మూట విప్పుకోవడం మొదలుపెట్టిందన్నమాట.

ఇక కట్టే సంగతి. 1860ల్లో జర్మనీలో యూలియస్ సాక్స్ ఆకులో కొంత భాగాన్ని వెలుతురు తగలకుండా మూసి వుంచాడు. తరువాత ఆకు పచ్చదనం పోగొట్టి అయోడిన్ వేస్తే, ఎండ తగిలినచోట మాత్రమే నల్లబడింది. పిండి వున్నచోట అయోడిన్ నీలి నలుపు తిరుగుతుంది. (చల్లారిన గంజిలో ఒక చుక్క టింక్చర్ అయోడిన్ వేసి చూడండి, పిల్లలు సరదా పడతారు. ఆ గంజి పారబొయ్యడం మాత్రం మరిచిపోకండి!) పగలు ఆకు ఎండ సాయంతో చక్కెర చేసుకుంటుంది, అప్పటికప్పుడు ఖర్చు కానిదాన్ని పిండిగా దాస్తుంది. రాత్రి ఆ పిండిని మళ్ళీ చక్కెరగా విప్పి మిగతా భాగాలకు పంపుతుంది. వరి పాలు పోసుకునే రోజుల్లో ఆ చక్కెర కంకికి చేరి, గింజలో తిరిగి పిండిగా గట్టిపడుతుంది.

అయితే గ్లూకోజును గ్లూకోజుకు తగిలించడం వూరికే జరగదు, దానికి శక్తి ఖర్చు పెట్టాలి. ఇక్కడ మన తెలుగువాడొకడు కథలోకి వస్తాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే జీర్ణకోశవ్యాధి పొట్టన పెట్టుకోగా, వైద్యం చదివి 1923లో అమెరికా వెళ్ళారు. 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి ఏ.టి.పి. అనే పదార్థాన్ని కండరాల నుంచి వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా వేరుగా కనిపెట్టాడు. ప్రాణమున్న ప్రతి కణానికీ చేతిఖర్చు డబ్బు అదే. పిండిగొలుసులో ఒక్కొక్క గ్లూకోజు చేర్చడానికి మొక్క ఇచ్చుకునేదీ ఆ ఏ.టి.పి.నే. ఈ సంగతి 1960ల మొదట్లో అర్జెంటీనాలో లెలువార్ బృందం చేసిన పనితో తేలింది. లెలువార్‌కు 1970లో నోబెల్ బహుమతి వచ్చింది. సుబ్బారావుగారికి రాలేదు, 1948లోనే పోయారు.

మొక్క కట్టే మూటలు రెండు రకాలు. ఒకటి దాదాపు తిన్నని గొలుసు, అమైలోజు. రెండోది చెట్టులా కొమ్మలు వేసేది, అమైలోపెక్టిన్. అమైలోజు ఎక్కువున్న బియ్యం పొడిపొడిగా వుడుకుతుంది, తక్కువున్నది ముద్దవుతుంది. కొమ్మలకు కొసలు చాలా వుంటాయి గనుక మన కడుపులోని ఎంజైములు దాన్ని త్వరగా తెంపుతాయి. తిన్నని గొలుసు నెమ్మదిగా తెగుతుంది. అన్నం చల్లారితే గొలుసులు దగ్గరకు చేరి గట్టిపడతాయి, కొంత భాగం అరగడానికి మొండికేస్తుంది. చద్దన్నాన్ని చులకన చెయ్యనక్కర్లేదు.

ఏ తిండి ఎంత త్వరగా రక్తంలో చక్కెర పెంచుతుందో కొలిచే లెక్కను 1981లో టొరంటోలో డేవిడ్ జెన్‌కిన్స్ ప్రవేశపెట్టాడు. దాన్నే గ్లైసీమిక్ ఇండెక్స్ అంటున్నారు. గ్లూకోజుకు 100, ఆ లెక్కన 55, అంతకు తక్కువైతే నెమ్మదైన తిండి. మామూలు తెల్లన్నాలు చాలావరకు దీనికి పైనే వుంటాయి.

ఇక మనూరి సంగతి. బాపట్లలో తయారై 1986లో విడుదలైన సాంబ మసూరిని మనమంతా ఇష్టపడి తింటున్నాం. ఆ పైరుకు ఆకు ఎండు తెగులు బెడద ఎక్కువ. హబ్సిగూడ సి.సి.ఎం.బి., రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి ఆ తెగులు తట్టుకునేలా కొత్త సాంబ మసూరి తయారుచేశాయి, 2008లో విడుదలైంది. వాళ్ళు వెతికింది తెగులుకు మందు. పరీక్షిస్తే దాని లెక్క 51 దగ్గర తేలింది! రాజేంద్రనగర్‌లోనే వచ్చిన తెలంగాణ సోనా కూడా దాదాపు అంతే.

అందువల్ల కొట్లో "షుగర్ ఫ్రీ బియ్యం" అనే బోర్డు కనిపిస్తే నమ్మకండి. అలాంటి బియ్యం లోకంలో లేదు. అన్నమంటేనే గ్లూకోజు గొలుసు. త్వరగా తెగేదా, నెమ్మదిగా తెగేదా అన్నదే తేడా. కొట్టువాణ్ణి రకం పేరేమిటని అడగండి, సంచిమీద ఆ పేరు వుందో లేదో చూడండి. తెచ్చుకున్నాక కూడా కొలిచే వండండి. నెమ్మదిగా అరిగే బియ్యమే కదా అని రెండు గరిటెలు ఎక్కువ వడ్డిస్తే, రక్తంలో చేరే చక్కెర ఆ రెండు గరిటెల మేరా పెరుగుతుంది.