ఉత్తరాంధ్రలో బయోమాస్ ఇంధనం

పంట నూర్చాక, మిల్లు ఆడించాక, చెట్టు నరికాక మిగిలే ఊక, పిప్పి, తొక్క, పుల్లల నుంచి పొందే శక్తిని బయోమాస్ ఇంధనం అంటారు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో వరి, చెరకు, జీడి, గోగు, మొక్కజొన్న పంటలు, తీరం వెంట సరుగుడు తోటలు దీనికి ఆధారం.

వనరులు

ధాన్యం బరువులో సుమారు 20 శాతం ఊకే. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ధాన్యం ఉడికించే ఆవిరి కోసం ఆ ఊకనే బాయిలర్‌లో వేస్తారు. గానుగాడిన చెరకులో దాదాపు 30 శాతం పిప్పిగా మిగులుతుంది. సంకిలి చక్కెర మిల్లు ఆ పిప్పితోనే ఆవిరినీ, విద్యుత్తునూ తయారుచేస్తుంది. పలాస–కాశీబుగ్గలో జీడిపిక్కలను ఆవిరిపై ఉడికించి, కోసి, పప్పు తీశాక జీడి తొక్క గుట్టలుగా పోగవుతుంది. అందులోని నూనె వల్ల బాగా మండుతుంది. కానీ ఆ నూనె చేతులను పొక్కిస్తుంది, దాని పొగ కళ్లు మండిస్తుంది. అందుకే ముందు నూనె తీసి, మిగిలిన పిండిని కాల్చడం మేలు. నార తీసిన గోగుపుల్లలు పల్లెల్లో పొయ్యిలోకి, దడులకు పనికొస్తాయి.

వినియోగం

అన్నిటికన్నా సులువైన సాధనం పొట్టు పొయ్యి. రేకు డబ్బా మధ్యలో ఒక కర్ర, అడుగు రంధ్రంలో మరో కర్ర పెట్టి, రంపపు పొట్టు గట్టిగా కూరి, కర్రలు లాగేసి కింద నిప్పు పెడితే గంటల తరబడి నిలకడగా మండుతుంది. పెద్ద ఎత్తున అయితే బాయిలర్ ఆవిరితో టర్బైన్ తిప్పుతారు. లేదా గాలి తక్కువగా పంపి మండే వాయువుగా మారుస్తారు. బొగ్గు విద్యుత్ కేంద్రాలు 5 శాతం బయోమాస్ గుళికలు కలపాలని కేంద్ర ప్రభుత్వం 2021 అక్టోబరులో ఆదేశించింది. పరవాడ వద్ద సింహాద్రి బొగ్గు కేంద్రం ఉన్నందున ఇక్కడి గుళికలకు మార్కెట్ మరీ దూరం కాదు.

పరిమితులు

ఊక తేలిక, చోటు ఎక్కువ ఆక్రమిస్తుంది. దూరం పెరిగేకొద్దీ లారీ కిరాయే ఇంధనం విలువను మింగేస్తుంది. కాలిన ఊకలో ఐదో వంతు బూడిదే. అందులో ఎక్కువ భాగం సిలికా కనుక ఇటుకలకు, సిమెంటుకు వాడవచ్చు. ఆరుబయట పోస్తే మాత్రం గాలికి లేచి ఊరి మీద పడుతుంది. వరిగడ్డి పశువుల మేత, ఆకులలములు నేలకు ఎరువు. వాటిని బాయిలర్‌కు తరలిస్తే నష్టపోయేది రైతే. కాబట్టి ఈ ప్రాంతంలో విద్యుత్ కేంద్రాలు, గుళికల యూనిట్లు మిల్లుల దగ్గర పోగయ్యే ఊక, పిప్పి, తొక్కల మీదే ఆధారపడాలి. మేతకూ, నేలకూ చెందాల్సినది వాటికే వదలాలి.