ఆవు కడుపు కథ: అరిస్టాటిల్ నుంచి మా పశువుల పాక దాకా

పోయిన మాఘమాసంలో మా చిన్నాయన ఇంట్లో గృహప్రవేశం జరిగింది. భోజనాలు అయ్యాక చాలా అన్నం మిగిలిపోయింది. "పారేస్తే పాపం, ఆవుకు పెడితే పుణ్యం" అని అవ్వ అనింది. రెండు పెద్ద బేసిన్ల అన్నం మోసుకొచ్చి మా గౌరి ముందర పెట్టింది నేనే. అది ఆబగా తినింది. నాకు సంతోషమేసింది.

సాయంత్రానికి గౌరి నెమరు వేయడం మానేసింది. రాత్రికి దాని ఎడమ డొక్క ఉబ్బింది. నిలబడలేక పడుకునేసింది. పొద్దున్నే పశువుల డాక్టరు వచ్చి, "నిన్న ఏం పెట్టినారు?" అని అడిగారు. నేను చెప్పాను. ఆయన వంటసోడా కలిపిన నీళ్ళు తాగించారు, సెలైన్ ఎక్కించారు. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. మధ్యాహ్నానికి గౌరి చచ్చిపోయింది. అది నాలుగు నెలల చూడిది.

"మనం రోజూ తినే అన్నమే కదా సార్, ఆవు తింటే ఎందుకు చస్తుంది?" అని అడిగాను. "దాని కడుపు మన కడుపు లాంటిది కాదు" అన్నారాయన. ఆ మాట నన్ను వదల్లేదు. మా సైన్సు టీచరును అడిగాను, గ్రంథాలయంలో పుస్తకాలు తిరగేశాను. ఆ ఒక్క మాట పూర్తిగా అర్థం కావడానికి మనుషులకు దాదాపు 2300 సంవత్సరాలు పట్టిందని తెలిసింది. ఆ చరిత్రే ఈ వ్యాసం.

క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీసు దేశంలో అరిస్టాటిల్ జంతువుల శరీరాల గురించి వివరంగా రాశాడు. నెమరు వేసే జంతువుల కడుపులో నాలుగు అరలు ఉంటాయని ఆయన అప్పుడే చెప్పాడు. మొదటిదాన్ని పెద్ద కడుపు అన్నాడు. రెండోదానికి జుట్టుకు కట్టుకునే వల పేరు పెట్టాడు. మా ఇంట్లో గొర్రె బోటి తెచ్చినప్పుడు అవ్వ కడుగుతుంటే చూశాను. ఒక ముక్క తువ్వాలు లాగా గరుకుగా ఉంటుంది, అది మొదటి అర. ఇంకొకటి తేనెపట్టు లాగా గళ్ళు గళ్ళుగా ఉంటుంది, అది రెండోది. మూడో అర లోపల పుస్తకంలో కాగితాల మాదిరి పొరలుంటాయి. నాలుగోదే మన కడుపు లాంటి అసలు కడుపు. అరిస్టాటిల్ చూసినదీ మా అవ్వ కడిగినదీ ఒకటేనని తెలిసి నాకు ఆశ్చర్యమేసింది.

అన్ని అరలు ఎందుకని కూడా ఆయన ఆలోచించాడు. ఆవుకూ గొర్రెకూ పై దవడలో ముందు పళ్ళు ఉండవు కాబట్టి, నోటితో జరగని పనిని కడుపులు చేస్తాయని అనుకున్నాడు. అరలను సరిగ్గా చూశాడు గానీ, లోపల జరిగే పని ఆయనకు తెలియలేదు.

తర్వాత చాలా కాలం పండితులు జీర్ణం గురించి వాదించుకున్నారు. కడుపు ఆహారాన్ని రుబ్బుతుందని కొందరు, కరిగిస్తుందని కొందరు. 1752లో ఫ్రాన్సుకు చెందిన రియోమర్ దీన్ని పరీక్ష చేసి చూపించాడు. లోహపు గొట్టంలో మాంసం పెట్టి, చివర్లు మూసి, ఒక గద్ద చేత మింగించాడు. గద్ద ఆ గొట్టాన్ని కక్కినప్పుడు చూస్తే లోపలి మాంసం కరిగి ఉంది. గొట్టంలో ఉన్నదాన్ని కడుపు రుబ్బలేదు కదా! అంటే కరిగించే రసం ఒకటి ఉందన్నమాట. కానీ గింజలు తినే పక్షులు మింగిన గొట్టాలు నలిగిపోయాయి. అది కందనకాయ బలం. కోడికి పళ్ళు లేవు, కందనకాయలో చేరిన చిన్న రాళ్ళే దానికి తిరగలి. అంటే ఇద్దరి వాదమూ కొంత నిజమే, జంతువును బట్టి కడుపు పని మారుతుంది. ఆ తర్వాత ఇటలీలో స్పల్లాంజాని జీర్ణరసాన్ని బయటికి తీసి, మాంసం వేసిన గొట్టాన్ని తన చంకలో పెట్టుకుని వెచ్చగా ఉంచాడు. కడుపు బయట కూడా మాంసం కరిగింది.

అదే శతాబ్దంలో యూరప్‌లో పశువులకు పెద్ద రోగం వచ్చి మందలు మందలు చచ్చిపోయేవి. అందుకని 1761లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో బూర్జెలా అనే ఆయన మొదటి పశువైద్య పాఠశాల స్థాపించాడు. మన వైపు మద్రాసు వేపేరిలో పశువైద్య కళాశాల 1903లో మొదలైంది.

1843లో ఇంకో పెద్ద సంగతి బయటపడింది. ఫ్రాన్సులో గ్రూబీ, దెలాఫోన్ అనే ఇద్దరు ఆవు కడుపులోని నీళ్ళను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. ఆ నీళ్ళ నిండా ఈదుతున్న చిన్న చిన్న ప్రాణులు కనిపించాయి. ఇప్పుడు మనకు తెలుసు, ఆ నీళ్ళ ఒక్క చుక్కలో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు ఉంటాయి. గడ్డిలోని సెల్యులోజ్‌ను కరిగించే రసం ఆవు శరీరంలో తయారు కాదు. ఆ పని చేసేది ఈ సూక్ష్మజీవులే. ఆవు గడ్డి మేస్తుందంటాం గానీ, నిజానికి అది మొదట తన కడుపులోని ప్రాణులకు మేత వేస్తోంది. పెద్ద ఆవు మొదటి అరలో వంద లీటర్లకు పైగా పడుతుంది. అది కడుపు అనేదానికన్నా పులియబెట్టే పెద్ద కుండ అంటే సరిపోతుంది.

1944లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో బార్‌క్రాఫ్ట్, ఆయన తోటివాళ్ళు ఈ పులిసే పనిలో పుట్టే ఆమ్లాలు కడుపు గోడ గుండానే రక్తంలోకి పోతాయని చూపించారు. ఆవుకు బలం ఎక్కువగా వాటి నుంచే వస్తుంది. ఆమ్లం మరీ పెరగకుండా కాపాడేది నెమరు. నెమరు వేసేటప్పుడు ఊరే లాలాజలంలో వంటసోడా లాంటి పదార్థం ఉంటుంది.

నా ప్రశ్నకు జవాబు 1952లో దొరికింది. అమెరికాలో హంగేట్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు గొర్రెలకు గింజలు ఒక్కసారిగా ఎక్కువ పడితే ఏమవుతుందో పరిశీలించారు. గింజల్లోని పిండి పదార్థం గడ్డిలాగా నిదానంగా పులియదు, చాలా వేగంగా పులుస్తుంది. దాన్ని తినే ఒక రకం సూక్ష్మజీవులు గంటల్లోనే విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లం వదులుతాయి. పెరుగును పులిపించే ఆమ్లమే అది. ఆ పులుపుకు గడ్డిని కరిగించే మంచి సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. కడుపు కదలడం ఆగిపోతుంది. ఒంట్లోని నీళ్ళన్నీ కడుపులోకి లాగబడతాయి, ఆమ్లం రక్తంలో కలుస్తుంది. మా గౌరికి జరిగింది ఇదే. డాక్టరు సార్ వంటసోడా ఎందుకు తాగించారో అప్పుడు నాకు అర్థమైంది.

ఇదంతా తాతకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అటక మీదినుంచి ఒక పాత చిక్కం తీసి చూపించాడు. కళ్ళంలో గుండు తోలేటప్పుడు ఎద్దుల మూతికి కట్టే వల అది. ఎద్దు రాగులు తినేస్తుందని పిసినారితనంతో కడతారని నేను అనుకునేవాణ్ణి. "పంట కోసం కొంత నిజమే. కానీ గింజ ఎక్కువ మేస్తే ఎద్దు కడుపు బిగిసి చస్తుందిరా. నా కళ్ళారా చూసినాను" అన్నాడు తాత.

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు తాతా?" అని అడిగాను.

"మా కాలంలో పండక్కి తప్ప వరన్నం ఎక్కడిది? అంతా ముద్దే. ఆవుకు బేసిన్ల కొద్దీ పెట్టేంత అన్నం ఏ రోజూ మిగల్లేదు. అన్నం కూడా గింజేనని నాకు తోచలేదు" అన్నాడు.

నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇదే. 1952లో శాస్త్రవేత్తలు కారణం చెప్పక ముందే మన రైతులకు జాగ్రత్త తెలుసు. కానీ ఆ జాగ్రత్త చిక్కంలో, కళ్ళంలో ఉండేది. ఎద్దులు పోయాయి, కళ్ళాలు పోయాయి, వాటితో పాటు జాగ్రత్త కూడా అటకెక్కింది. ఇప్పుడు విందుల్లో అన్నం కుప్పలుగా మిగులుతోంది. ఆవుకు పెట్టడం పుణ్యమనే మాట మాత్రం అలాగే ఉంది. కారణం తెలియకపోతే జాగ్రత్త ఒక తరంలోనే పోతుంది. అందుకే ఇది చదివిన మీరు ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా చెప్పండి. విందులో మిగిలిన అన్నం, పిండి, గింజలు పశువుకు ఒక్కసారిగా ఎక్కువ పెట్టొద్దు. పొరపాటున తినేస్తే తెల్లారే దాకా చూడకుండా వెంటనే డాక్టరును పిలవండి. మేము ఒక రాత్రంతా చూసి పోగొట్టుకున్నాం.

ఇప్పుడు మా పాకలో ఒక పెయ్య ఉంది. అవ్వ ఇప్పటికీ వండిన అన్నంలో మొదటి ముద్ద దానికే పెడుతుంది. ఒక్క ముద్దే.