ఖర్గపూరు షాపులు – గిరిగారు

ఖర్గపూరు రైల్వే పట్టణమున షాపు అనగా దుకాణము కాదు. బాయిలరు షాపు, కారేజి షాపు అనునట్లు కార్ఖానాలోని ఒక్కొక్క విభాగమునకు అది పేరు. హిజ్లీ వైపున ఒక తెలుగు ఇంట “మావాడు షాపులో పని చేయుచున్నాడు” అని విన్నచో, గుడ్డల వర్తకుని వద్ద గుమాస్తా కాబోలునని భ్రమపడరాదు. అట్టి షాపు పనివారికి ఒకప్పుడు నాయకత్వము వహించినవారు మన వరాహగిరి వేంకటగిరిగారు. ఆయనను రాష్ట్రపతిగా ఎరిగినవారు పెక్కుమంది. కార్మికసంఘ నిర్వాహకునిగా ఎరిగినవారు నేడు మిక్కిలి తక్కువ.

గిరిగారు 1894 ఆగస్టు 10న బరంపురమున జన్మించిరి. తండ్రి జోగయ్య పంతులుగారు పేరుపొందిన న్యాయవాది. 1913లో కుమారుడు న్యాయశాస్త్రము చదువుటకై డబ్లిను చేరెను. అదే సంవత్సరమున ఆ నగరమున యజమానులు సంఘములో చేరిన కార్మికులను పనిలోనికి రానీయక, నెలల తరబడి తలుపులు మూసిరి. లార్కిన్, కానలీ అను నాయకుల పేర్లు ప్రతి నోటను వినవచ్చుచుండిన కాలమది. 1916 నాటి ఐరిష్ తిరుగుబాటు పిమ్మట ప్రభుత్వము గిరిగారిని దేశము విడిచిపొమ్మనెను. ఆయన పట్టముకంటె విలువైన చదువు నొకదానిని వెంట తెచ్చుకొనిరని నా అభిప్రాయము.

బెంగాల్-నాగపూరు రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. ఆ రైలుమార్గము వాల్తేరు వరకు సాగుటచే గంజాము, విశాఖపట్టణము మండలముల నుండి మనవారు వేలకొలదిగా ఖర్గపూరు చేరిరి. అది అచ్చముగ కంపెనీ ఊరు. ఇల్లు కంపెనీది, ఆసుపత్రి కంపెనీది, వీధిదీపము కంపెనీది. పని పోయినవానికి జీతముతోపాటు నిలువనీడయు పోవును. సమ్మె చేయుమని చెప్పుట వేదికపై నున్నవానికి సులభమే. వినువాడు మాత్రము ఇంటనున్న భార్యాబిడ్డలను తలచుకొని వినవలెను.

1927వ సంవత్సరమున ఈ ఊరు రెండుమార్లు ఉడికిపోయినది. ఫిబ్రవరిలో సమ్మె జరిగెను. పొదుపు పేరిట కార్ఖానాలో పెద్దయెత్తున మనుష్యులను తగ్గించుటకు కంపెనీ పూనుకొనగా, సెప్టెంబరులో మరల కలత రేగి షాపుల తలుపులు మూతపడెను. డిసెంబరులో గాని పని మరల ప్రారంభము కాలేదు. ఈ రెంటి నడుమనే గిరిగారు భారత కార్మిక ప్రతినిధిగా జెనీవా అంతర్జాతీయ కార్మిక సభకు పోయివచ్చిరి. డబ్లినులో చూచిన మూతతలుపులే పదునాలుగేండ్లకు ఖర్గపూరున ఎదురయ్యెను. అచ్చట ఆయన విద్యార్థి, ఇచ్చట బాధ్యుడు.

1926 నాటి కార్మికసంఘముల చట్టము 1927 జూనులో అమలునకు వచ్చెను. సంఘ నిర్వాహకులలో కనీసము సగముమంది ఆ పరిశ్రమలో పనిచేయువారై యుండవలెనని అందొక నిబంధన. అనగా న్యాయవాదియైన గిరిగారు ఆ చట్టము దృష్టిలో బయటివాడే. సుత్తి పట్టని చేతులతో సుత్తి పట్టినవారి పక్షమున మాటలాడుట ఆయన పని. అఖిల భారత రైల్వే ఉద్యోగుల సమాఖ్య స్థాపకులలో ఒకరు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అధ్యక్షులు. అయినను తగవును న్యాయస్థానమునకు ఈడ్చుటకంటె, యజమానియు కార్మికుడును ఎదురెదురుగా కూర్చుండి తేల్చుకొనుటయే మేలని ఆ న్యాయవాది జీవితాంతము వాదించిరి. కార్మికుని సంఘము బలముగా లేనిచో ఆ బల్లయొద్ద అతనికి కుర్చీయే దొరకదని ఖర్గపూరు వంటి ఊళ్లు నేర్పినవి.

1937 ఎన్నికలలో బొబ్బిలి రాజావారిని ఓడించి, మద్రాసు రాష్ట్రమున కార్మికమంత్రి యగుట లోకవిదితము. 1952లో కేంద్రమున కార్మికమంత్రియై, ఆ సంవత్సరపు నైనీటాలు కార్మిక సమావేశమున నిర్బంధ తీర్పుల పద్ధతిని తగ్గించవలెనని గట్టిగా కోరిరి. తక్కిన పెద్దలకది రుచింపలేదు. వింత యేమనగా, ఆయన పదవిని విడిచినది ఒక తీర్పును నిలుపుటకే! బ్యాంకు ఉద్యోగులకు అప్పీలు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వము తగ్గించగా 1954 ఆగస్టులో రాజీనామా చేసిరి. ఇందు వైరుధ్యము కలదని కొందరందురు. నాకట్లు తోచదు. తీర్పునకు కట్టుబడుమని కార్మికుని శాసించు ప్రభుత్వము, తానును కట్టుబడవలయును గదా! ఫైళ్ల నడుమ బ్రదుకు మనవంటి వారికి, ఒక మంత్రి గుమాస్తాల జీతము కొరకు కుర్చీ విడుచుట చిన్న విషయము కాదు. మన ప్రవర్తనా నియమావళి సమ్మెను నిషేధించినది కనుక మనకు మిగులునది మాట నిలుపుకొను ప్రభుత్వమే.

1969 ఆగస్టులో ఆయన రాష్ట్రపతియైరి. 1974 మే 8 నుండి 27 వరకు దేశమంతట రైల్వే కార్మికులు సమ్మె చేసిరి. దానికి ముందు నిలిచినది ఆయన యౌవనమున నెలకొల్పుటకు తోడ్పడిన సమాఖ్యయే. ప్రభుత్వము వేలమందిని చెరసాలలకు పంపెను. ఆ దినములలో రాష్ట్రపతి భవనమున ఖర్గపూరు నాటి నాయకుడుండెను. రాజ్యాంగము రాష్ట్రపతిని మంత్రివర్గపు సలహాకు లోబరచినది. ఆయన హృదయమును ఏ ఫైలునను వెదకి కనుగొనలేము. ఆ ఆగస్టులోనే పదవీకాలము ముగిసినది. 1980 జూన్ 24న మద్రాసున కన్నుమూసిరి.